రహీం మాస్టారి పీరియడ్

వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లు రేవు దాటవు కాబట్టి నిజాంపట్నంలో తండ్రులు ఊళ్ళో దొరికే కాలం ఇదే. ఇక్కడి ఉన్నత పాఠశాల ఒకటి తల్లిదండ్రుల సమావేశం సెలవులివ్వబోయే ముందు పెట్టుకున్నది అందుకే. సమావేశం ముందున్న ప్రతిపాదన ఒకటి: వచ్చే ఏడాది నుంచి పదో తరగతికి ఆటల పీరియడ్ ఎత్తేసి, ఆ గంట చదువుకి ఇవ్వాలి. ప్రతిపాదించింది లెక్కల మాస్టారు. వద్దంటున్నది ఇదే ఊళ్ళో చాలాకాలం డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయిన పెద్దాయన. లెక్కల మాస్టారు ఒకప్పుడు ఆయన చేతికింద ఆడిన కుర్రాడే. ముందురోజు సాయంత్రం ఆ ఇద్దరి మధ్య నడిచిన వాదం ఇది.

లెక్కల మాస్టారు: మాస్టారూ, రేపు మీరు లేచి మాట్లాడితే నా మాట నిలబడదు. వచ్చే తండ్రుల్లో సగంమంది మీ ఈల విని పెరిగినవాళ్ళే. అందుకే ముందుగా మీతోనే తేల్చుకుందామని వచ్చాను.

డ్రిల్లు మాస్టారు: మంచిపని చేశావబ్బాయ్. కూర్చో. పదిమందిలో కంటే ఇక్కడే నయం. ముందు నీ మాట చెప్పు.

లెక్కల మాస్టారు: మన పిల్లల సంగతి మీకు తెలియంది కాదు. తండ్రి వేటకి పోతాడు. తల్లి ఐసు ఫ్యాక్టరీకో రొయ్యల షెడ్డుకో పోతుంది. ఇంటికెళితే పుస్తకం తెరవటానికి చోటుండదు, తెరిచినా పక్కన కూర్చొని చెప్పేవాళ్ళుండరు. బడిలో ఉన్న గంటలే వాళ్ళ చదువు గంటలు. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. ఒక్క పిల్లకి ఆ సీటు వస్తే ఆ ఇంటి దారే మారిపోతుంది. బంతి తన్నినందుకు ఎవరిస్తారు చెప్పండి ఆ సీటు?

డ్రిల్లు మాస్టారు: మార్కులొద్దని నేనెప్పుడూ అనలేదు. నువ్వు సాయంత్రాలు ఇంటి అరుగు మీద ఊరికే పాఠాలు చెబుతున్నావని కూడా నాకు తెలుసు. నీ బాధ నిజమైందే. అయితే ఆటల పీరియడ్ చదువుకి బయట ఉందని నువ్వనుకోవటం దగ్గరే నాకు పేచీ. అందుకు సాక్ష్యంగా ఒక బడిపంతులు బతుకు నీ ముందు పెడతాను. సయ్యద్ అబ్దుల్ రహీం.

లెక్కల మాస్టారు: ‘మైదాన్’ సినిమా చూశాను మాస్టారూ. 2024లో వచ్చింది. ఆయన భారత ఫుట్‌బాల్ జట్టుకి మహా కోచ్. కాదనేదేముంది?

డ్రిల్లు మాస్టారు: కోచ్ సంగతి అందరికీ తెలుసు. పంతులి సంగతి విను. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, ఆ విశ్వవిద్యాలయం జట్టుకే ఆడారు. బీఏ అయ్యాక కాచిగూడ మిడిల్ స్కూల్లో ఉపాధ్యాయుడయ్యారు. ఆ తర్వాత ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, చివరి రెండు బళ్ళలోనూ ఆటల బాధ్యత తీసుకున్నారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తయారు చేశారు. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. ఇదంతా చేసిన మనిషి వృత్తి బడిపంతులు. తరగతి గదిలో నేర్చుకున్న పద్ధతినే ఆయన మైదానంలోకి తెచ్చారని నేనంటాను.

లెక్కల మాస్టారు: అక్కడే నాకు సందేహం. ఆయన పంతులు కాబట్టి గొప్ప కోచ్ అయ్యారా? గొప్ప కోచ్ కావలసినవాడు పొట్టకూటికి పంతులుగా చేశారా? బడిలో పనిచేసినంత మాత్రాన ఆటలో ఆయన గెలిచిందంతా బడి ఖాతాలో రాసుకోవటం న్యాయమేనా?

డ్రిల్లు మాస్టారు: సరైన ప్రశ్నే అడిగావు. ఆయన నేర్పిన తీరు చూస్తే జవాబు దొరుకుతుంది. పిల్లలకి ఆయన కొన్ని వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించెయ్యాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. దీన్లో ఏముందో నువ్వే చెప్పు, లెక్కలు చెప్పేవాడివి.

లెక్కల మాస్టారు: పాఠాన్ని విడగొట్టారు. ఆట మొత్తంలోంచి ఒక్క అంశాన్ని తీసి, మిగతావి పక్కన పెట్టి, దాన్నే సాధన చేయించారు. భిన్నాల కూడిక రానివాడికి ముందు కసాగు ఒక్కటే చేయించినట్టు.

డ్రిల్లు మాస్టారు: అదే. తన్నటం వచ్చిన ప్రతివాడికీ ఆ ఊహ రాదు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చూసి, అక్కడికి సరిపోయే అభ్యాసం కట్టటం ఉపాధ్యాయుడి పని. బంతి వదలని పిల్లవాణ్ణి తిడితే మారడు. బంతి వదిలితేనే ఆట సాగే నియమం పెడితే వాడంతట వాడే తలెత్తి పక్కవాణ్ణి చూడటం నేర్చుకుంటాడు. ఆటగాళ్ళని మైదానంలో నిలబెట్టే 4-2-4 పద్ధతిని మన దేశంలో ముందుగా ఆడించినవాళ్ళలో ఆయనొకరు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ బుర్రలకి అది ఎక్కిందంటే, వెనక ఈ అభ్యాసాలున్నాయి కాబట్టే.

లెక్కల మాస్టారు: ఒప్పుకుంటాను, పద్ధతి పంతులిదే. కాని ఆయన్ని మనం ఇవాళ తలుచుకునేది గెలిచారు కాబట్టేగా? 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో బంగారం, 1962 జకార్తాలో మళ్ళీ బంగారం. ఓడిపోయి ఉంటే ఈ పద్ధతుల గురించి మాట్లాడేవాళ్ళెవరు? మీరూ నేనూ పిల్లల్ని మార్కులతో కొలవొద్దంటూనే, మాస్టర్ని కప్పులతో కొలుస్తున్నాం.

డ్రిల్లు మాస్టారు: అయితే కప్పుల సంగతి వదిలేసి ఓటముల లెక్క తీద్దాం. 1952లో హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్ళలో చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. ఆ దెబ్బతో మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ళకి మెల్బోర్న్‌లో సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి ముందు గోలు మనదే, నెవిల్ డిసౌజా కొట్టాడు. చివరికి 4-1తో ఓడాం. ఆ ఏడు మనది నాలుగో స్థానం.

లెక్కల మాస్టారు: ఉన్నదున్నట్టు చెప్పుకుందాం మాస్టారూ. 1956లో హంగరీ తప్పుకుంది కాబట్టి మనకి మొదటి రౌండు ఆడకుండానే కలిసొచ్చింది. ఆస్ట్రేలియాని 4-2తో కొట్టాం, నిజమే, డిసౌజా మూడు గోళ్ళు చేశాడు. ఆ తర్వాత రెండూ ఓటములే. గెలిచింది ఒక్క ఆట.

డ్రిల్లు మాస్టారు: నీ లెక్కలో తప్పులేదు. అయినా ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్లో సెమీస్ దాకా వెళ్ళిన మొదటి దేశం మనదే. నాకు ముఖ్యమైంది అది కూడా కాదులే. 10-1 వచ్చిన జవాబు పత్రాన్ని ఆయన చింపెయ్యలేదు. ప్రతి తప్పు పక్కనా గీత పెట్టుకొని మళ్ళీ పాఠం మొదలుపెట్టారు. జకార్తా చూడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని గెలిచి ఫైనల్‌కి వస్తే ఎదురుగా మళ్ళీ అదే కొరియా. జర్నైల్ సింగ్ రక్షణ ఆటగాడు. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతన్ని సెమీస్‌లోనూ ఫైనల్లోనూ ముందు వరసలో నిలబెట్టారు రహీం సాబ్. పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. 2-1. కొద్దిరోజుల క్రితం తమని ఓడించిన జట్టునే ఓడించారు. సప్లిమెంటరీలో పాసైన పిల్లవాడంటే నీకెందుకంత ఇష్టమో, ఆ ఫైనలంటే నాకూ అందుకే ఇష్టం.

లెక్కల మాస్టారు: ఆ సమయానికి ఆయనకి కేన్సర్ ముదిరిందంటారు.

డ్రిల్లు మాస్టారు: ఊపిరితిత్తుల కేన్సర్. ఆ ఫైనల్ 1962 సెప్టెంబరు 4న. 1963 జూన్ 11న ఆయన పోయారు. యాభై నాలుగు కూడా నిండలేదు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఆయన మీద సినిమా వచ్చింది అరవై ఏళ్ళు గడిచాక. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో బంగారం మనకి మళ్ళీ రానేలేదు.

లెక్కల మాస్టారు: నా అసలు అభ్యంతరం ఇక్కడే ఉంది. ఆయన పోగానే అంతా పోయింది. భారత జట్టు నిండా హైదరాబాదు కుర్రాళ్ళున్న కాలం ఉండేది. ఇవాళ వెతుక్కోవాలి. మంచి ఉపాధ్యాయుడు తను లేకపోయినా నిలిచేదాన్ని వదిలి వెళ్ళాలి కదా? ఒక్క మనిషి చలవతో నడిచి, ఆ మనిషితోనే ఆగిపోయినదాన్ని చూపించి, బడి టైంటేబుల్ అలా ఉండాలనటం నాకు మింగుడుపడదు. మన ఊరే చూడండి. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ తూర్పు తీరంలో వ్యాపారం మొదలుపెట్టటానికి వచ్చిన రేవు ఇది. డచ్చివాళ్ళు అంతకుముందే వచ్చారు. యూరపు పటాల్లో పెటపోలి అని మన పేరుండేది. ఆ వైభవంలో ఇవాళ మన పిల్లలకి దక్కింది ఏముంది?

డ్రిల్లు మాస్టారు: ఓడలొచ్చిన సంగతి పుస్తకాల్లో మిగిలింది. వేట మాత్రం ఇప్పటికీ సాగుతోంది. ఎందుకో చెప్పు? తండ్రి కొడుక్కి నేర్పాడు, వాడు వాడి కొడుక్కి నేర్పాడు. రహీం సాబ్ తర్వాత అంతా పోయిందన్నావే, అది పూర్తిగా నిజం కాదు. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకి కాంస్యం వచ్చింది. అప్పుడు శిక్షణ ఇచ్చినవాళ్ళలో పీకే బెనర్జీ ఉన్నాడు, జకార్తాలో రహీం సాబ్ కింద గోలు కొట్టినవాడు. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాదువాడు. ఆ నయీముద్దీనే తర్వాత కోచ్ అయి 1990లో ద్రోణాచార్య తీసుకున్నాడు. రహీం సాబ్ కొడుకు హకీం 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో ఉన్నాడు, ఆ తర్వాత రిఫరీగా, శిక్షకుడిగా పనిచేశాడు. శిష్యులు గురువులయ్యారు. అంతకంటే ఏం వదలాలి ఒక పంతులు?

లెక్కల మాస్టారు: మరి హైదరాబాదు ఎందుకు ఎండిపోయింది?

డ్రిల్లు మాస్టారు: దానికి జవాబు నీ ప్రతిపాదనలోనే ఉంది. ఆయన చేసిన పని ఒక ఉద్యోగంగా ప్రతి బళ్ళోనూ నిలబడాల్సింది. దాన్ని ఒక మహానుభావుడి లీల కింద జమకట్టాం. ఆయన పేరు చెప్పి దండం పెట్టాం, ఆయన చేసిన కొలువుని ఖాళీగా ఉంచాం. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది పైన పిల్లలుంటే వ్యాయామ విద్యకి బోధకుడు ఉండాలంది. కాగితం మీద ఉన్న గంటని కూడా మనమే చెరిపేస్తే, రేపు ఆ ఉద్యోగం ఎందుకని ప్రభుత్వం అడుగుతుంది. అప్పుడేం చెబుతావు?

లెక్కల మాస్టారు: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కాని ఇంకో మాట నేను దాచుకోలేను. మీరు కోప్పడకూడదు.

డ్రిల్లు మాస్టారు: చెప్పు నాయనా. దాచుకోవటానికా ఇంతదూరం వచ్చావు?

లెక్కల మాస్టారు: ఆటల పీరియడ్ అంటే బళ్ళలో నేను చూసింది ఏమిటి? బాగా ఆడే పది పన్నెండుమంది గ్రౌండులో ఉంటారు. మిగతావాళ్ళు గోడ మీద కూర్చుంటారు. ఆడపిల్లలు చెట్టుకింద కబుర్లు చెప్పుకుంటారు, లేకపోతే నోట్సు రాసుకుంటారు. ఆటకి పనికొచ్చేవాడికి ఇంకాస్త ఆట, పనికిరానివాడికి ఇంకాస్త చిన్నతనం. నా లెక్కల క్లాసులో వెనకబడినవాడి దగ్గరికి నేను వెళ్ళి కూర్చుంటాను. గ్రౌండులో వెనకబడినవాడి దగ్గరికి ఎవరెళతారు? మీ రహీం సాబ్ కూడా మెరికల్లాంటి కుర్రాళ్ళని ఏరుకున్నవారే. పైగా ఆ కథంతా మగపిల్లలది.

డ్రిల్లు మాస్టారు: ఇది గట్టి మాట. ఆయన కాలంలో ఆడపిల్లలకి మైదానం దక్కలేదు, నిజం. జాతీయ జట్టుకి ఏరుకోక తప్పదు, అదీ నిజం. అయితే ఆయన ఎలా ఏరారో ఒక్క సంగతి విను. తులసీదాస్ బలరాం పేరు విన్నావుగా? సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ కుర్రాడు. చాలా బీద కుటుంబం. హైదరాబాదు వచ్చి ఆట చూపించమన్నారు రహీం సాబ్. అంత దూరం రావటానికి డబ్బుల్లేవన్నాడా కుర్రాడు. ఆయన సైకిలు అద్దెకి డబ్బులిచ్చారు. ఆ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా బంగారు జట్టులో ఉన్నాడు, 1962లో అర్జున అవార్డు తీసుకున్నాడు. మామూలు సెలెక్టరైతే పోటీకి రాలేదని పేరు కొట్టేసేవాడు. ఎందుకు రాలేకపోయాడని అడగటం బడిలో హాజరు పట్టీ పిలిచేవాడికి అలవాటు. పిల్లవాడు నాలుగు రోజులు కనపడకపోతే నువ్వు రేవుకి వెళ్ళి వాకబు చేస్తావు చూడు, అదే ఇది.

లెక్కల మాస్టారు: బలరాం గోడ మీద కూర్చునే రకం కాదుగా మాస్టారూ. ఆడగలిగినవాడే.

డ్రిల్లు మాస్టారు: కాదు. అందుకే నీ మాట నేను కొట్టిపారెయ్యటంలేదు. క్లబ్బుకి ఆడగలిగినవాడు కావాలి. బడికి ఆ స్వేచ్ఛ లేదు. పేరు రాయించుకున్న ప్రతి పిల్లా పిల్లవాడూ దాని పిల్లలే. రహీం సాబ్ పద్ధతిని బడిలో పెడితే ముందు బాగుపడేది ఆ గోడ మీదవాళ్ళే. చేతకాని కాలితోనే ఆడాలనే నియమం పెట్టి చూడు. పెద్ద ఆటగాడూ ఆటరానివాడూ ఒక్క మెట్టు మీదకి వస్తారు. బంతి వెంటనే అందించాలనే నియమం పెడితే ఏ ఒక్కడూ ఆటని తన జేబులో వేసుకోలేడు. గంటలో ప్రతి చేతికీ, ప్రతి కాలికీ బంతి అందుతుంది. పదిహేనేళ్ళ పిల్ల పరిగెత్తటానికి సిగ్గుపడకుండా ఒక గంట గడిపే చోటు ఈ ఊళ్ళో బడి తప్ప ఇంకెక్కడుందో చూపించు.

లెక్కల మాస్టారు: లేదు. బజారులో లేదు, రేవులో లేదు, ఇంట్లోనూ లేదు. కాని తిండి సంగతి? రహీం సాబ్ కుర్రాళ్ళకి ఆట తిండి పెట్టింది. సిటీ పోలీసులో ఉద్యోగాలిచ్చారు. ఇవాళ స్పోర్ట్స్ కోటా సీటు ఎంతమందికి దక్కుతుంది?

డ్రిల్లు మాస్టారు: కొద్దిమందికే. తండ్రులకి కోటా ఆశ చూపించి పిల్లల్ని గ్రౌండుకి పిలవటం నాకిష్టం లేదు, అది మోసమవుతుంది. నీ లెక్కల క్లాసులో కూర్చున్నవాళ్ళందరూ లెక్కల మాస్టర్లు అవుతున్నారా? అయినా ప్రతివాడికీ చెబుతావు. నలుగురితో కలిసి ఒక పని చెయ్యటం, ఓడిపోయినవాడు మర్నాడు మళ్ళీ రావటం, తన వంతు వచ్చేదాకా ఆగటం, వచ్చినప్పుడు వెనకాడకపోవటం ఇక్కడ నేర్చుకుంటారు. ట్రిపుల్ ఐటీకి వెళ్ళే పిల్లకి ఇవి అక్కర్లేదా? అక్కడ మొదటి సెమిస్టరులో ఒక పేపరు పోతే ఆ పిల్లని నిలబెట్టేదేమిటి?

లెక్కల మాస్టారు: నేను చూశాను మాస్టారూ. మంచి మార్కులతో వెళ్ళి, మొదటి దెబ్బకే ఇంటికి తిరిగొచ్చినవాళ్ళని చూశాను. ఆ మాట మీరంటారని నాకు భయంగానే ఉంది.

డ్రిల్లు మాస్టారు: భయమెందుకు? నువ్వూ వాళ్ళ కోసమే కొట్టుకుంటున్నావు.

లెక్కల మాస్టారు: సరే, నా మాట చెబుతాను. ఆటల పీరియడ్ ఎత్తెయ్యాలన్న ప్రతిపాదన రేపు నేనే వెనక్కి తీసుకుంటాను. కాని ఇప్పుడున్నట్టుగా అది సాగటానికి మాత్రం ఒప్పుకోను. మూడు షరతులు పెడతాను. ఒకటి, గంట మొత్తంలో గోడ మీద ఒక్కరు కూడా కూర్చోకూడదు. రెండు, నేను స్లిప్ టెస్టు మార్కులు రాసుకున్నట్టే ఆటల పుస్తకం ఉండాలి. మొదట్లో ఏ పిల్ల ఏం చెయ్యలేకపోయింది, ఏడాది చివరికి ఏం చెయ్యగలుగుతోంది, అన్నీ అందులో ఉండాలి. మూడు, చెప్పే మనిషి ఉండాలి. బంతి పడేసి కుర్చీలో కూర్చునేవాళ్ళు పనికిరారు.

డ్రిల్లు మాస్టారు: మొదటి రెండూ నేను అడగవలసినవి. అవి రహీం సాబ్ షరతులే అనుకో. మూడోది మాత్రం నీ చేతిలోనూ నా చేతిలోనూ లేదు. పోస్టు ఖాళీ అయినచోట దాన్ని నింపమని తల్లిదండ్రులు సంతకాలు పెట్టి అడగాలి. లెక్కల మాస్టారి పోస్టు ఒక్క టర్ము ఖాళీగా ఉంటే ఊరంతా మండలాఫీసుకి కదులుతుంది. డ్రిల్లు మాస్టారి పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉన్నా ఎవరికీ పట్టదు. రేపు ఆ మాట నేనంటే నా కులం కోసం నేను అరిచినట్టుంటుంది. నువ్వు అనాలి.

లెక్కల మాస్టారు: అంటాను. అయితే నా అనుమానం ఒకటి అలాగే మిగిలింది, దాన్ని మీ ముందు దాచను. పరీక్షల నెలల్లో ఆ గంట మీద నాకు ఆశ పుడుతుంది. జనవరి వచ్చేసరికి హెడ్మాస్టరు కూడా నా పక్షమే అవుతారు. ఆటకిచ్చిన గంటని నిలబెట్టటం జూన్‌లో తేలిక. జనవరిలో కష్టం.

డ్రిల్లు మాస్టారు: అందుకే తీర్మానంలో నెలలు కూడా రాయించు. జూన్ నుంచి పరీక్షల ముందు వారం దాకా అని స్పష్టంగా ఉండాలి. పుస్తకాలతో అలిసిపోయిన పిల్లలకి ఆ గంట అన్నిటికంటే ఎక్కువ కావలసింది జనవరిలోనే. ఓడిపోయిన జట్టుతో పది రోజుల్లో మళ్ళీ తలపడి గెలిచిన పంతుల్ని గుర్తుపెట్టుకుంటే, ఏ నెలలోనూ పాఠం ఆపాలనిపించదు.

లెక్కల మాస్టారు: రాయిస్తాను. వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఎప్పుడు ఖాళీ అయినా ఆ నెలలోనే తల్లిదండ్రుల కమిటీ అర్జీ పెట్టాలని కూడా అదే తీర్మానంలో చేర్పిస్తాను. మొదటి సంతకం లెక్కల మాస్టారిది.